ఏనుగు ఒలకబోసిన పాలు

మా అమ్మాయికి ఇంకా మూడేళ్ళు నిండలేదు. వ్యాకరణం మాత్రం అప్పుడే పట్టేసింది. 'నచ్చింది'కి 'నచ్చలేదు' కదా, 'గుచ్చింది'కి 'గుచ్చలేదు' కదా, అంచేత 'వచ్చింది'కి 'వచ్చలేదు' అని తీర్మానించింది. "అమ్మ ఇంకా వచ్చలేదు" అంటుంది. ఆ మాట దాని చెవిన ఎవరూ వేసి ఉండరు. తనే సూత్రం కనిపెట్టి, తనే ఉదాహరణ ఇచ్చుకుంది. చిన్నయసూరి 1858లో 'బాలవ్యాకరణం' అని పేరు పెట్టారే గానీ, అది చదవలేక పెద్దవాళ్ళే జుట్టు పీక్కున్నారు. అసలు బాలవ్యాకరణం మా ఇంట్లో తయారవుతోంది.

మొన్న అద్దం ముందు నోరు తెరిచి, "నాన్నా, నాకు ఎన్ని పన్నులున్నాయో చూడు!" అంది. ఇంటిపన్ను, నీటిపన్ను, ఆదాయపు పన్ను కట్టి కట్టి అలిసిపోయినవాణ్ణి, జీవితంలో మొదటిసారి పన్నులు లెక్కపెట్టి సంతోషించాను. "పళ్ళు అనాలమ్మా" అని దిద్దబోయి ఊరుకున్నాను. ఎలాగూ ఒకనాటికి దానంతటదే అంటుంది. ఆ రోజు త్వరగా రావాలని నాకేం తొందర లేదు.

మాటలతోపాటే ఒక ఏనుగూ వచ్చింది. మంచం కింద ఉంటుంది. నీలం రంగుట. పప్పన్నం తింటుంది గానీ నెయ్యి గిట్టదు. ఓసారి దానికి జ్వరం వస్తే నేనే థర్మామీటరు పెట్టాను. దాని తొండం తొక్కకుండా మంచం దిగడం ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. ఆఫీసులో నలుగురికీ చెప్పి, మా పిల్ల కవయిత్రి అవుతుందని కూడా అనేశాను.

ఒక పొద్దున గ్లాసెడు పాలు నేలపాలయ్యాయి.

"ఎవరే ఒలకబోసింది?"

"ఏనుగు."

నేను పక్కున నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. "నవ్వండి, నవ్వండి! అబద్ధాలకి అక్షరాభ్యాసం చేయిస్తున్నారు" అంది.

కాదనబోయాను గానీ మాట పెగల్లేదు. నిన్నటిదాకా కవిత్వమని మురిసిన ఏనుగు, ఇవాళ అబద్ధం ఎలా అయింది? ఏనుగు మారలేదు. దాంతో పడ్డ పని మారింది. నిన్న ఊరికే ఉన్న ఏనుగు, ఇవాళ తిట్లు తప్పించడానికి పనికొచ్చింది.

జెనీవాలో పిల్లల మనసుల్ని పరిశీలించిన పియాజె, 1932లో అచ్చయిన పుస్తకంలో ఇలాంటి సంగతే రాశాడు. ఒక పిల్లవాడు ఆవంత కుక్కని చూశానన్నాడు. ఇంకొకడు మార్కులు రాకపోయినా మంచి మార్కులొచ్చాయని అమ్మతో చెప్పాడు. ఎవడిది పెద్ద తప్పు? కుక్కవాడిదే అన్నారు చిన్నపిల్లలు. అంత కుక్క ఎక్కడా ఉండదు గనక. కాస్త పెద్దపిల్లలు తిరగేసి చెప్పారు. కుక్క మాట ఎవరూ నమ్మరు, మార్కుల మాట అమ్మ నమ్మేస్తుంది, కాబట్టి అదే పెద్ద తప్పు అన్నారు.

ఆ కొలతబద్ద పెట్టి చూస్తే దోషి మా పిల్ల కాదు. అంతకు ముందువారం బజార్లో బుడగ కావాలని అది మారాం చేస్తే, బేరమాడే ఓపిక లేక, "షాపు మూసేశారమ్మా" అన్నాను. షాపు నిక్షేపంలా తెరిచే ఉంది. పాపం, నమ్మింది. కిక్కురుమనకుండా నా వేలు పట్టుకుని ఇంటికొచ్చింది. రెండు రోజుల తర్వాత నాకో బిస్కెట్టు ముక్క పెట్టమంటే, డబ్బా వీపు వెనక దాచుకుని, "బిస్కెట్టు షాపు మూసేశారు నాన్నా" అంది. అదే గొంతు, అదే దొంగ జాలి. అచ్చం నాదే. ఏనుగుని దానికి నేను నేర్పలేదు. ఇది మాత్రం నేనే నేర్పాను. అన్నం తినకపోతే బూచాడొస్తాడనడం, ఇప్పుడే వస్తానని చెప్పి పెరటిదారిన ఆఫీసుకి జారుకోవడం కూడా ఈ పాఠంలోవే. అన్నీ నమ్మదగ్గవే!

పాల సంగతి మా ఆవిడే తేల్చింది. పాత గుడ్డ ఒకటి దాని చేతికిచ్చి, "ఏనుక్కి తుడవడం రాదు గదా, దాని బదులు నువ్వు తుడువు" అంది. బుద్ధిగా తుడిచింది. ఏనుగుని ఇంట్లోంచి తరమలేదు, పాలు మాఫీ చెయ్యనూ లేదు. నాకు పది రోజులు ఆలోచించినా తట్టే తీర్పు కాదు.

ఆ రాత్రి దీపం ఆర్పాక, నా పక్కన పడుకున్నది ఉన్నట్టుండి అడిగింది: "నాన్నా, ఏనుగు నిజంగా ఉందా?"

ఉందనడం ఎంత తేలిక! దానికీ సంతోషం, నాకూ సంతోషం. కానీ బుడగల షాపు గుర్తొచ్చింది. అడిగినదాని గొంతులో ఆట లేదు.

"లేదమ్మా. ఉందనుకుని మనం ఆడుకుంటున్నాం" అన్నాను.

చీకట్లో కాసేపు ఉలుకూ పలుకూ లేదు. చేజేతులా ఏనుగుని చంపుకున్నాననుకుని గుండె గుబుక్కుమంది. ఇంతలో ఒక చిన్న చెయ్యి తడుముకుంటూ వచ్చి నా నోరు మూసింది.

"మెల్లిగా నాన్నా! దానికి ఇంకా నిద్ర వచ్చలేదు."