వెల తగ్గినచోట విలువ

వెల, విలువ అనే రెండు మాటలకూ మధ్య ఎడం తెలుగులో ఒక్క అక్షరమే. సంతలో ఆ ఎడం చాలామందికి కనిపించదు. అమ్ముడుపోనిది పనికిరానిదనీ, పనికివచ్చేదయితే కొనేవాడు ఎలాగూ ఉంటాడనీ మనం తేలికగా అనుకుంటాము. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి తాళపత్రాలనో తామ్రశాసనాలనో తీసుకోవచ్చు. కాని వాటి పక్షాన వాదించేందుకు పండితులున్నారు. అందుచేత ఎవరూ వకాల్తా పుచ్చుకోని వస్తువొకటి తీసుకుంటున్నాను. అది వృత్తి కుస్తీల పాత దృశ్యముద్రణ. ఒకప్పుడు క్యాసెట్లుగా, తరువాత డీవీడీలుగా ఇంటింటికీ చేరి, నేడు కొనేవాడు కరువైన సరుకు.

ఈ ప్రశ్నను ఖరగ్‌పూర్‌లోని పూరీ గేట్ వంటి చోట నిలబడి అడగడం సబబు. ఆ పేరులోనే ఒక రైలు మార్గం ఉన్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు నెలకొల్పిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు తరతరాలుగా ఈ పట్టణంలో స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషల్లో చోటిచ్చినదంటే, అందుకు ప్రధాన కారణం ఖరగ్‌పూర్ తెలుగువారే. ఈ ఊరి ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న ఖ్యాతి చాలాకాలం నిలిచి, 2013లో గోరఖ్‌పూర్‌కూ, 2023లో హుబ్బళ్ళికీ పోయింది. బిరుదు పోయినంత మాత్రాన ప్లాట్‌ఫారం ఒక్క అడుగయినా తగ్గలేదు.

కేబుల్ టీవీ వచ్చిన 1990 దశకంలో రైల్వే క్వార్టర్ల పిల్లలకు, దేశంలోని తక్కిన పిల్లలందరికీ వలెనే, అమెరికా మల్లుల పేర్లు మేనమామల పేర్లంత సుపరిచితమయినాయి. వారి బొమ్మలున్న ట్రంప్ కార్డులు బడి సంచుల్లో తిరిగాయి. క్యాసెట్టు షాపులో అద్దెకు తెచ్చిన టేపు ఒక రాత్రి నాలుగిళ్ళు తిరిగేది. తరువాత డిస్కులు వచ్చాయి. మోజర్ బేర్ సంస్థ ముప్ఫయి, నలభై రూపాయలలోపు సినిమా డిస్కులు అమ్మి మార్కెట్టును ముంచెత్తింది. 2018లో ఆ సంస్థే లిక్విడేషన్‌కు వెళ్ళింది. అమెరికాలోనూ డీవీడీ అమ్మకాలు 2000 దశకం మధ్యలో శిఖరానికి చేరి, ఆపై ఏటికేడు దిగజారాయి. డిస్కులను తపాలాలో అద్దెకు పంపి ఎదిగిన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో చివరి డిస్కు పంపి ఆ వ్యాపారం మూసివేసింది. ఇంతవరకు ఇది సరుకు చరిత్ర. విలువ ప్రశ్న ఇక్కడి నుంచి మొదలవుతుంది.

మొదటి ఆక్షేపణ అందరికీ తెలిసినదే. అది నిజమైన కుస్తీ కాదు, గెలుపోటములు ముందే నిర్ణయమైపోతాయి, అటువంటి దానిని భద్రపరచడం దేనికి? ఆక్షేపణలోని వాస్తవాన్ని కాదనేవారు లేరు. 1989లో న్యూజెర్సీ రాష్ట్రంలో ఆ వ్యాపార యజమానులే తమది పోటీ కాదనీ, వినోదమనీ చెప్పుకున్నారు. క్రీడా కమిషన్ రుసుముల నుంచీ, నియంత్రణ నుంచీ తప్పించుకోవడం వారి ఉద్దేశం. పన్ను తప్పించుకోవడానికి సత్యం చెప్పిన అరుదైన సందర్భమిది. కాని ఫలితం ముందే తెలిసిన పోరాటాన్ని చూడడం మనకు కొత్తా? వీధి నాటకంలో దుర్యోధనుడి తొడ ప్రతి రాత్రీ విరుగుతుంది. భీముడు గెలుస్తాడా లేదా అన్న సందేహంతో తెల్లవార్లూ మేలుకున్న ప్రేక్షకుడు ఒక్కడూ లేడు. వారు చూసేది గెలుపును కాదు, గెలిచే తీరును. పన్నెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో మల్లయుద్ధాన్ని వినోదాల వరుసలోనే చేర్చాడు. ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1957లో వెలువరించిన తన వ్యాససంపుటిని కుస్తీతోనే ప్రారంభించి, దానిని క్రీడగా కాక ప్రాచీన నాటకానికి చుట్టంగా చూశాడు. అలంకారశాస్త్రం ఎరిగిన మనకు ఇందులో ఆశ్చర్యపడవలసినదేమీ లేదు. రౌద్రం రసమయినప్పుడు కోపం నిజమైనదా అని నటుణ్ణి నిలదీసేవారు ఉండరు.

అయితే నటనకూ కుస్తీకీ ఒక తేడా ఉన్నది. కోపం నటన కావచ్చును గాని, పడిన దెబ్బ నటన కాదు. ఎత్తి పడవేసినప్పుడు వెన్ను నిజంగానే చెక్క మీద పడుతుంది. ఫలితం కల్పితం, శరీరం యథార్థం. పాత ముద్రణల విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది. నిజమైన పోటీని నమోదు చేసిన చిత్రం ఎవరు గెలిచారో చెబుతుంది, ఆ సంగతిని పత్రికా చెప్పగలదు. కల్పితమైన పోటీని నమోదు చేసిన చిత్రంలో మిగిలేది మాత్రం శ్రమ ఒక్కటే. దానిని పత్రిక చెప్పలేదు.

ఇందుకు మన ఉదాహరణే ఉన్నది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, సొంత సర్కస్ స్థాపించి కలియుగ భీముడనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు 1942లో మరణించారు. ఉక్కు గొలుసులు తెంపినదీ, రొమ్ము మీద ఏనుగును నిలిపినదీ ఉత్తరాంధ్రలో నేటికీ చెప్పుకుంటారు. విశాఖపట్నం సముద్రతీరాన విగ్రహమున్నది, శ్రీకాకుళంలో ఆయన పేర స్టేడియమున్నది. కాని గొలుసు తెంపే ముందు ఆయన ఊపిరి ఎలా బిగబట్టేవారు, పాదం ఎక్కడ మోపేవారు అన్నది విగ్రహం చెప్పదు. మాటగా మిగిలిన బలం తరం తరానికీ పెరుగుతుంది, చిత్రంగా మిగిలిన బలం పెరగదు. గామా పహిల్వాన్ 1928లో పటియాలాలో జిబిస్కోను నిమిషం లోపే పడగొట్టాడన్న వాక్యం చదివినప్పుడు మనకు దక్కేది ఆ వాక్యమే. ఆ పట్టు దక్కదు. 1959లో కలకత్తాలో జార్జి గోర్డియెంకోను ఓడించి కామన్వెల్త్ ఛాంపియన్ అయిన దారాసింగ్ కొంత అదృష్టవంతుడు. సినిమాలూ, రామాయణం సీరియల్‌లోని హనుమంతుడి పాత్రా ఆయన శరీరాన్ని మనకు మిగిల్చాయి.

అమ్మకాలు పడిపోవడం వల్ల ప్రమాదం ఎక్కడ వస్తుందో ఇప్పుడు చూడవచ్చును. అమ్మకం విలువను కొలవదు, కాని కాపలాకు జీతమిస్తుంది. సరుకు అమ్ముడుపోతున్నంత కాలం యజమాని మూలప్రతిని చల్లని గదిలో పెడతాడు, శుభ్రం చేయిస్తాడు, కొత్త రూపంలోకి ఎక్కిస్తాడు. అమ్మకం ఆగిన రోజున అదే మూలప్రతి గది అద్దె తినే బరువవుతుంది. 1946 నుంచి 1956 వరకు నడిచిన డ్యూమాంట్ టెలివిజన్ సంస్థ చికాగో నుంచి కుస్తీలు ప్రసారం చేసి అమెరికా ఇళ్ళలో ఆ వినోదానికి పీట వేసింది. ఆ సంస్థ చిత్రాల నిలువలో చాలా భాగాన్ని 1970 దశకం తొలినాళ్ళలో లారీలకెత్తించి న్యూయార్కు వద్ద నీటిలో పారబోశారని నటి ఈడీ ఆడమ్స్ 1996లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ విచారణలో సాక్ష్యమిచ్చింది. వాటిని ఉంచుకునే ఖర్చు ఎవరు భరించాలన్న బేరం తెగకపోవడమే కారణమట.

దూరంగా నవ్వుకోనక్కరలేదు. మన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932 ఫిబ్రవరిలో విడుదలయింది, నేడు చూద్దామన్నా లేదు. ఆనాటి పెద్దలకు సినిమా డేరాల వినోదమే తప్ప సంస్కృతి కాదు. జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పూణేలో వెలిసేసరికి 1964 వచ్చింది. చౌకబారుదని ఒక తరం విడిచిపెట్టిన దానిని తరువాతి తరం పోగొట్టుకున్న నిధిగా తలచుకుని బాధపడుతుంది. ఏది నిధి అవుతుందో ముందుగా చెప్పగల జ్యోతిష్కుడు లేడు. కుస్తీ క్యాసెట్లన్నీ నిధులని కూడా నేననడం లేదు. వాటిలో అధిక భాగం చూసి మరచిపోదగినవే.

డిస్కు పోయినా దృశ్యం పోలేదు కదా, అంతర్జాలంలో అన్నీ దొరుకుతున్నాయి కదా అనేవారున్నారు. సౌకర్యం దృష్ట్యా వారి మాట కొట్టివేయదగినది కాదు. అమెరికా కుస్తీ సంస్థ 2001లో తన ప్రత్యర్థిని కొన్నప్పుడు దాని టేపుల నిలువ కూడా చేజిక్కింది. ఆ తరువాత మరికొన్ని చిన్న సంస్థల నిలువలూ అక్కడికే చేరాయి. 2014లో వేల గంటల దృశ్యాలు చందాదారులకు అందుబాటులోకి వచ్చాయి. ఒక దేశపు కుస్తీ జ్ఞాపకం దాదాపు అంతా ఒకే ఇంటి తాళం కింద చేరినదన్నమాట. తాళం ఉన్నవాడికి కత్తెర కూడా ఉంటుంది.

ఆ కత్తెర ఎలా పనిచేసిందో చూడండి. వన్యప్రాణి సంరక్షణ సంస్థతో పేరు గురించి వివాదం వచ్చి 2002లో డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. కాస్తా డబ్ల్యు.డబ్ల్యు.ఇ. అయింది. ఆనాటి నుంచి 2012లో రాజీ కుదిరేదాకా, పాత దృశ్యాలను మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆనాటి చిహ్నాన్ని తెర మీద మసకబార్చేవారు, ఆ పేరు పలికిన చోట మాట మింగేసేవారు. పాటల హక్కుల ఖర్చు తప్పించుకోవడానికి మల్లులు బరిలోకి వచ్చేటప్పటి సంగీతం మారింది. 2021లో ఆ దృశ్యాలు అమెరికాలో మరొక సంస్థ చేతికి వెళ్ళినప్పుడు జాతివివక్షను చూపిన కొన్ని పాత ఘట్టాలను తీసివేశారు. ఒక శ్వేతజాతి మల్లుడు నల్లజాతి ప్రత్యర్థి మీదికి సగం దేహానికి నల్లరంగు పూసుకుని వచ్చిన 1990 నాటి ఘట్టం అందులో ఒకటి.

అటువంటి దృశ్యాన్ని ప్రసారం నుంచి తొలగించడం సభ్యత కాదా? సభ్యతే. పిల్లలున్న ఇంట్లో అది ప్రసారం కావాలని నేను కోరను. కాని ప్రసారం మానడం వేరు, ఆనవాలు లేకుండా చేయడం వేరు. 1990లో వేలాదిమంది కూర్చున్న సభలో ఆ పని జరిగిందనడానికి సాక్ష్యం ఆ చిత్రమే. తప్పు చేసినవారి చేతిలోనే సాక్ష్యాన్ని దిద్దే అధికారం ఉండడాన్ని ఏ న్యాయస్థానమూ హర్షించదు. ఏ అల్మారా అడుగునో మిగిలిన పాత క్యాసెట్టు ఇక్కడ అక్కరకు వస్తుంది. దానిని దూరం నుంచి ఎవరూ దిద్దలేరు. కొన్నవాడిది వస్తువు. చందాదారుడిది అనుమతి మాత్రమే, ఏ రోజునైనా ఉపసంహరించదగినది.

ఇంతకంటె కఠినమైనది క్రిస్ బెన్వా ఉదంతం. 2007 జూన్‌లో ఆ మల్లుడు భార్యనూ, ఏడేళ్ళ కుమారుణ్ణీ చంపి ఆత్మహత్య చేసుకున్నాడు. తరువాతి పరీక్షల్లో ఆయన మెదడుకు తీవ్రమైన నష్టం జరిగినట్టు వైద్యపరిశోధకులు తెలిపారు. సంస్థ ఆయన పేరును విడుదలల నుంచి తప్పించింది. ఆ కుస్తీలను చూసి ఆనందించడం ఎలా సాధ్యమన్న ప్రశ్నకు నా వద్ద తేలికైన జవాబు లేదు, నేను చూడలేను. అయితే ఆనందం కోసం కాక వాటిని చూడవలసినవారు ఉన్నారు. కుర్చీతో తల మీద ఎన్నిసార్లు కొట్టారు, ఎంతమంది చప్పట్లు కొట్టారు, వ్యాఖ్యాత ఏమని నవ్వాడు అన్నవి ఆ టేపుల్లోనే ఉన్నాయి. తల మీద కుర్చీతో కొట్టడాన్ని సంస్థ 2010లో నిషేధించింది. అంతకు ముందరి టేపులు ఒక వృత్తిలో జరిగిన ప్రమాదాల రిజిస్టరు వంటివి. వర్క్‌షాపు పట్టణంలో పుట్టినవారికి ప్రమాదాల రిజిస్టరు అంటే ఏమిటో వివరించనక్కరలేదు. దానిని చదవడం ఎవరికీ ఇష్టముండదు, చింపివేస్తే ఊరుకునేవారూ ఉండరు.

ఆ శ్రమకు ప్రతిఫలం సంగతి కూడా ఇందులోనే ఉన్నది. మల్లుడిగా, వ్యాఖ్యాతగా పనిచేసి తరువాత మిన్నెసోటా గవర్నరు అయిన జెస్సీ వెంచురా, క్యాసెట్ల మీద తన వాటా రాలేదని దావా వేసి 1994లో ఎనిమిది లక్షల డాలర్లకు పైగా తీర్పు పొందాడు. మన కాపీరైట్ చట్టం 2012 సవరణతో ప్రదర్శకుడికి వాణిజ్య వినియోగంపై రాయల్టీనీ, తన ప్రదర్శనను వికృతపరచకుండా అడ్డుకునే నైతిక హక్కునూ గుర్తించింది. డిస్కు అమ్మినప్పుడు ఎన్ని అమ్మారో లెక్క ఉండేది, వాటా అడగడానికి ఆధారముండేది. నెలసరి చందాలో ఒక పాత కుస్తీ వాటా ఎంతో తేల్చడం కష్టం. అమ్మకాలు పడిపోయినప్పుడు నష్టపోయినది దుకాణదారు ఒక్కడే కాదు, ఎముకలు అరిగిన వృద్ధ మల్లుడు కూడా.

అధికార వర్గాలు ఆలోచించదగిన సంగతి ఒకటి మిగిలింది. 1954 నాటి గ్రంథాల సమర్పణ చట్టం ప్రకారం ప్రచురితమైన ప్రతి పుస్తకమూ కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరాకూ, మరి రెండు గ్రంథాలయాలకూ చేరాలి. ఆ పుస్తకం మంచిదా కాదా అని చట్టం అడగదు, ఆ అడగకపోవడంలోనే దాని వివేకమున్నది. డిస్కులకూ, క్యాసెట్లకూ అటువంటి ఏర్పాటు ఆ చట్టంలో లేదు. అమెరికా సంస్థ టేపులను మనం కాపాడనక్కరలేదు, వాటికి డబ్బున్న యజమాని ఉన్నాడు. మన తిరునాళ్ళలో జరిగిన కుస్తీలు, వ్యాయామశాలల వార్షికోత్సవాలు, ఖరగ్‌పూర్ తెలుగువారి మాతాపూజ ఊరేగింపులు ఇళ్ళలోనూ, మూతబడిన స్టూడియోల్లోనూ టేపుల మీద ఉన్నాయంటే, వాటికి ఎన్నడూ వెలే లేదు గనుక అమ్మకం తగ్గడమన్న హెచ్చరిక కూడా రాదు. బెంగాల్ తేమకు టేపు బూజు పడుతుంది. పోనీ బాగుచేద్దామంటే, వీసీఆర్ తయారుచేసే చివరి పెద్ద సంస్థ, జపానుకు చెందిన ఫునాయ్, 2016 జూలైతో ఆ తయారీ ఆపివేసింది. అయస్కాంత టేపుల నుంచి దృశ్యాలను బయటికి తీసే అవకాశం 2025 ప్రాంతానికి చాలాచోట్ల ముగిసిపోవచ్చునని 2019లోనే యునెస్కో హెచ్చరించింది. ఆ గడువు దాటింది. ఇంకా నడిచే యంత్రాలు కొన్ని ఉన్నాయి, వాటిని బాగుచేయగల మెకానిక్కులు కొందరున్నారు, వారికీ వయసు మీద పడుతున్నది.