దేనికి మంచిది?

జూన్ నెలలో ఒక ఆదివారం, పూజ ముగిసి జనం ఇళ్లకు వెళుతున్న వేళ, మా విచారణలోని ఒక దర్జీ నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పక్కన భార్య, వెనుక డిగ్రీలో చేరిన కూతురు, పదో తరగతి చదివే కొడుకు ఉన్నారు. ఆయన చేతిలో మడతపెట్టిన రంగుల కాగితం ఉంది. "ఫాదర్ గారూ, పిల్లల చదువుకూ ఇంటి పనులకూ ఒక లాప్‌టాప్ కొనాలనుకుంటున్నాం. ఏది మంచిదో మీరే చెప్పాలి" అన్నాడు.

కాగితం విప్పి చూశాను. పట్నంలోని ఒక దుకాణం వారు ఇచ్చిన ధరల పట్టిక అది. మూడింటి చుట్టూ పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. కొడుకు చూపు అన్నిటికన్నా ఖరీదైన దాని మీద ఉంది. తండ్రి చూపు అన్నిటికన్నా చవకైన దాని మీద ఉంది. తల్లి ఏమీ మాట్లాడలేదు. ఖరీదైనది కొనాలంటే ఆమె మెడలోని గొలుసు కుదువ పెట్టాలని కాసేపటికి నాకు అర్థమైంది.

నేను గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివాను గాని కంప్యూటరు శాస్త్రం చదవలేదు. అయినా ఆ తండ్రి ప్రశ్న విన్నప్పుడు పాత పాఠం ఒకటి గుర్తుకు వచ్చింది. "ఏది మంచిది?" అని అడిగినంత కాలం జవాబు దొరకదు. "దేనికి మంచిది?" అని అడిగినప్పుడే ఆలోచన మొదలవుతుంది. వైద్యుడు రోగిని బాగుచేయాలా వద్దా అని తర్జనభర్జన పడడనీ, ఎలా బాగుచేయాలన్నదే ఆలోచిస్తాడనీ అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో వివరించాడు. అంటే గమ్యం ముందు ఉండాలి, సాధనం దాని వెనుక రావాలి. మన ఇళ్లలో ఈ వరుస తరచు తలకిందులవుతుంది. వస్తువు ముందు మనసులో దిగుతుంది. దానికి తగిన అవసరాన్ని ఆ తర్వాత వెతుక్కుంటాం.

అందుకే ఆ కాగితాన్ని తిరగేసి, వెనుక వైపు ఇంట్లో ఎవరికి ఏం పని ఉందో రాయమన్నాను. కూతురు రాసింది: కామర్సు లెక్కల పట్టికలు, ప్రాజెక్టు రాయడం, ఆన్‌లైన్ తరగతులు. తల్లి చెప్పింది: డ్వాక్రా సంఘం లెక్కలు, కువైట్‌లో ఉన్న చెల్లెలిని చూస్తూ మాట్లాడటం. కొడుకు పాఠాల వీడియోలు అన్నాడు. కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "ఆటలు కూడా" అన్నాడు. నిజం చెప్పినందుకు వాణ్ణి మెచ్చుకున్నాను.

తర్వాత తండ్రిని అడిగాను: "నువ్వు కుట్టు మిషను కొన్నప్పుడు ఏం చూశావు?"

"ఏం కుడతానో చూసుకున్నానండీ. నావి జాకెట్లు, చొక్కాలు. ఫ్యాక్టరీలో జీన్సు కుట్టే మిషను నాకెందుకు? అలాగని ఆడపిల్లలు నేర్చుకోవడానికి కొనే చిన్న మిషను తెచ్చుకుంటే రోజంతా కుట్టలేను. దారం తెగుతూనే ఉంటుంది."

"లాప్‌టాప్ విషయంలోనూ అంతే నాయనా" అన్నాను. ఆయనకు తెలిసిన విద్యే అది. పేరు కొత్తది కాబట్టి భయపడ్డాడు.

పాఠకులకు కూడా ఉపయోగపడుతుందని ఆ రోజు మేము తేల్చుకున్న విషయాలు రాస్తున్నాను. రాతపని, లెక్కలు, తరగతులు, వీడియో సంభాషణలు, ఇవే మన ఇళ్లలో నిత్యం ఉండే పనులు. వీటికి 8 జీబీ ర్యామ్ సరిపోతుంది. ఐదారేళ్లు వాడుకోవాలంటే 16 జీబీ ఉండటం, లేదా తర్వాత పెంచుకోవడానికి లోపల చోటు ఉండటం మేలు. కొన్నిటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచడం కుదరదు. కాబట్టి కొనేముందే అడగాలి. పాత రకం హార్డ్ డిస్కు కన్నా ఎస్‌ఎస్‌డీ చాలా వేగంగా పనిచేస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు కావలసింది పెద్ద ఆటలకు, త్రీడీ డిజైనుకు, భారీ వీడియో పనికి. లెక్కల పట్టికకు దానితో పని లేదు. తెర స్పష్టంగా ఉందా, మీటలు వేళ్లకు హాయిగా ఉన్నాయా అన్నది దుకాణంలో చేత్తో తాకి చూడాలి. బ్యాటరీ ఏ లాప్‌టాప్‌లోనైనా కొన్నేళ్లకు బలహీనపడుతుంది. దాన్ని మార్చే వీలుందా, బాగుచేసే కేంద్రం మనకు అందుబాటులో ఉందా అన్నవి ధర కన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు.

"అయితే ఫాదర్ గారూ, చవకైనదే తీసుకుంటాం" అని తండ్రి సంతోషంగా లేచాడు. కూర్చోమన్నాను. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

కొన్నేళ్ల క్రితం విచారణ కార్యాలయానికి ఒక లాప్‌టాప్ కావలసివచ్చింది. విచారణ సొమ్ము జాగ్రత్తగా ఖర్చుపెట్టాలన్న పట్టుదలతో, దొరికినవాటిలో అతి చవకైనది కొన్నాను. దానిలో ర్యామ్ 4 జీబీ, దాచుకునే స్థలం 32 జీబీ. కొన్ని నెలలకే కొత్త అప్‌డేట్లకు చోటు చాలలేదు. ఒక కాగితం తెరవాలంటే కాఫీ తాగి రావలసి వచ్చేది. రెండేళ్లు తిరగకముందే దాన్ని మూలన పెట్టి ఇంకొకటి కొన్నాం. నేను పొదుపు అనుకున్నది పొదుపు కాదు, ముందుచూపు లేకపోవడం. ఒక వస్తువుకు బదులు రెండిటికి విశ్వాసుల సొమ్ము ఖర్చయింది.

పునీత తోమాసు అక్వినాసు వివేకం అనే సుగుణాన్ని వివరిస్తూ, ముందుచూపు దానిలో ముఖ్యభాగమని చూపించారు. తెలిసినవారి మాట వినే వినయం కూడా వివేకంలో భాగమేనన్నారు. నాకు ఆ రోజు రెండూ లేవు. మా ఊరి కుర్రవాడొకడు "ఇది చాలదు ఫాదర్ గారూ" అన్నాడు. నేను వినలేదు. అత్యాశ ఒక వైపు లోపమైతే, లోభం మరో వైపు లోపం. మంచి ఎంపిక ఆ రెండిటి నడుమ ఉంటుంది. ఆ నడుమ చోటు ఎక్కడుందో పట్టిక చెప్పదు, మన పని చెబుతుంది.

ఈ మాట విన్న దర్జీ నవ్వాడు. "ఎదిగే పిల్లలకు బట్టలు కుట్టేటప్పుడు లోపలి మడతలో కాస్త గుడ్డ వదులుతామండీ. మరీ ఎక్కువ వదిలితే సంచిలా ఉంటుంది. అసలు వదలకపోతే ఏడాదికే బిగుతవుతుంది." అక్వినాసు ముందుచూపు అని చెప్పినదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

ఇక మిగిలింది కుర్రవాడి సంగతి. వాడు అడిగినదానిలో ఆటలకన్నా లోతైనది ఒకటి ఉందని నాకు అనిపించింది. స్నేహితుడి ఇంట్లో అలాంటిది ఉంది. నలుగురికీ చూపించుకోవడానికే కొనే అలవాటును 1899లోనే థోర్‌స్టీన్ వెబ్లెన్ అనే ఆర్థికవేత్త ఒక గ్రంథంలో పరిశీలించాడు. ఇది పిల్లల జబ్బు మాత్రమే కాదు. పెళ్లిపందిరి వేసేటప్పుడు, ఇంటికి రంగులు వేయించేటప్పుడు పెద్దలమైన మనకూ ఉన్నదే. కాబట్టి వాణ్ణి కోప్పడే హక్కు మనకు తక్కువ. నేను ఒక్కటే అడిగాను: "అమ్మ గొలుసు ఎన్ని నెలలు తాకట్టులో ఉంటే నీ ఆట నీకు బాగుంటుంది?" వాడు తల వంచుకున్నాడు. గొలుసు సంగతి వాడికి అంతవరకు తెలియదు. పిల్లలు మొండివారని అంటాం గాని, ఇంటి లెక్క వారికి ఎన్నడూ చెప్పం.

దుకాణం వారు వడ్డీ లేని వాయిదాలు ఇస్తామన్నారట. 2013లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు పంపిన ఉత్తర్వులో, సున్నా వడ్డీ అన్నదే లేదనీ, వడ్డీని రుసుము రూపంలో దాచి వసూలు చేస్తున్నారనీ స్పష్టం చేసింది. నేటికీ వాయిదా కాగితంలో ప్రాసెసింగ్ రుసుము ఎంత, ఒకేసారి చెల్లిస్తే తగ్గింపు ఎంత అని అడిగి తెలుసుకోవడం మంచిది.

"అన్నీ చూసి అన్నిటికన్నా మేలైనదే తీసుకోవాలి కదా?" అని కూతురు అడిగింది. రెండు గడ్డి మోపుల మధ్య ఎటూ తేల్చుకోలేక ఆకలితో చచ్చిన గాడిద కథ బురిడాన్ పేరు మీద ప్రచారంలో ఉంది. ఆయన రచనల్లో మాత్రం అది కనిపించదు. హెర్బర్ట్ సైమన్ అనే పండితుడు 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమానం, అంతకు ముందు 1975లో కంప్యూటరు రంగపు ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. మనిషికి కాలమూ తెలివీ పరిమితం కనుక, అన్నిటిలో శ్రేష్ఠమైనదాని కోసం అంతులేకుండా వెతకడం కన్నా, మన అవసరానికి సరిపడే కొలతలు ముందే పెట్టుకుని, వాటికి తగినది దొరకగానే వెతుకులాట ఆపడమే తెలివైన పని అని ఆయన వివరించాడు. వచ్చే ఏడు దీనికన్నా వేగమైనది తప్పకుండా వస్తుంది. దానితో మన లాప్‌టాప్ పని తగ్గదు. మన తృప్తి తగ్గితే తగ్గవచ్చు.

చివరగా ఇంకో మాట. ఈ యంత్రాల బ్యాటరీల్లో వాడే కోబాల్టులో సగానికి పైగా ఆఫ్రికాలోని కాంగో గనుల నుంచి వస్తుంది. అక్కడి చిన్న గనుల్లో పసిపిల్లలు కూడా మట్టి తవ్వుతున్న సంగతి లోకానికి వెల్లడయింది. 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగుపడిందనీ, అందులో నాలుగో వంతు కూడా సక్రమంగా సేకరించినట్లు లెక్కల్లో లేదనీ ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలిపింది. కాబట్టి కొనడం మన ఇంటి వ్యవహారం మాత్రమే కాదు. కొన్నదాన్ని ఏడాది ఎక్కువ వాడటం, పాడైతే బాగుచేయించడం, పాతదాన్ని పాత సామాన్ల బండికి కాక అధీకృత సేకరణ కేంద్రానికి ఇవ్వడం, ఇవన్నీ మనకు ముఖం తెలియని పొరుగువారి పట్ల మన బాధ్యతలు.

ఆ కుటుంబం మధ్యస్థంగా ఉన్న మూడోదాన్ని కొన్నది. అది ఇప్పుడు కుట్టు మిషను పక్కనున్న బల్ల మీద ఉంటుంది. ఎవరికి ఎప్పుడు అన్నది గోడ మీద కాగితంపై రాసి ఉంది. కొడుకుకు ఆదివారం సాయంత్రం గంటసేపు ఆటకు అనుమతి ఉంది. పెద్ద ఆటలు దానిలో ఆడవు, చిన్నవి ఆడతాయి. మొదటి వారం వాడు ముఖం ముడుచుకున్నాడనీ, రెండో వారం తల్లికి సంఘం లెక్కలు ఎక్కించడం వాడే నేర్పాడనీ తండ్రి చెప్పాడు. మరుసటి ఆదివారం పూజకు వచ్చినప్పుడు ఆమె మెడలో గొలుసు ఉంది.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లోకి కొత్త వస్తువు ఏది రాబోతున్నా, దుకాణం ఇచ్చిన కాగితాన్ని ఒకసారి తిరగేయండి. వెనుక వైపు ఖాళీగా ఉంటుంది. అక్కడ ముందు మీ అవసరాలు రాయండి. అందరూ కూర్చుని రాయండి. మాట్లాడకుండా నిలబడి ఉన్నవారు ఎవరైనా ఉంటే, వారిని ముందు అడగండి.