పరస్థలమున కాయకము



మోళిగ మారయ్య కాశ్మీరమున రాజ్యము విడిచి కల్యాణమునకు వచ్చెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ పరాయి పట్టణమున ఆయన కట్టెలు కొట్టి, మోపు నెత్తిన మోసి అమ్మి, వచ్చినదానితో జంగమ దాసోహము నడిపెను. కల్యాణము ఆయన పుట్టిన దేశమును విచారింపలేదు. కాయకమును చూచి శరణుల నడుమ పీట వేసెను.

ఈ ధర్మము తప్పిన దేశమేమయ్యెనో చూడుడు. ఉగాండాలో గుజరాతీలు మొదలగు మనవారు తరతరములుగా అంగళ్లు నడిపిరి. 1972 ఆగస్టు 4న ఇదీ అమీన్ వారిని 90 దినములలో వెడలిపొమ్మనెను. ఇల్లు, అంగడి, రావలసిన బాకీలు విడిచి, సుమారు 50 పౌండ్లు చేతబట్టుకొని వారు కదలిరి. ఆ అంగళ్లు సైనికులకును, ఆశ్రితులకును పంచబడెను. ఉన్న సరకు అమ్ముడయ్యెను. కొత్త సరకు తెప్పించు నేర్పు వారికి లేదు. కొలది కాలములోనే ఉప్పు, పంచదార, సబ్బు దొరకుట దుర్లభమాయెను. కాయకము లేక వచ్చిన సొత్తు నిలువదు.

అయినను మన వైపు లోపమును కూడ తలపవలెను. ఆంగ్లేయుల పాలనలో వర్తకము భారతీయుల చేతను, సేద్యము ఆఫ్రికనుల చేతను ఉండి నడుమ గోడ లేచెను. 1959లో బుగండా ప్రజలు భారతీయుల అంగళ్లను బహిష్కరించిరి. దానివలన వెళ్లగొట్టుట న్యాయము కాదు. కాని తూచి అమ్ముటయే గాని కలిసి కూర్చుండుట లేనిచోట అంగడికి పునాది బలహీనము.

వారిలో దాదాపు 28,000 మంది బ్రిటన్ చేరిరి. లెస్టర్ నగరపాలకులు తమ యూరికి రావలదని ఉగాండా పత్రికలోనే ప్రకటన వేయించిరి. వచ్చినవారి వెనుకటి పరపతి అక్కడ చెల్లలేదు; హామీ యిచ్చువారు లేరు. పలువురు మిల్లులలో కూలి చేసి, కూడబెట్టి, బంధువుల చేబదులుతో చిన్న అంగడి తెరచి, ఆలుబిడ్డలతో వేకువ మొదలు రాత్రి వరకు నిలిచిరి. వారి శ్రమతో బెల్‌గ్రేవ్ వీధి కళకళలాడెను. వలదన్న యూరే నేడు ఆ వీధిని చూపి గర్వించుచున్నది.

వర్తకునకు తొలి మూలధనము రూకలు గాదు, నమ్మకము. పరస్థలమున వానికి కరవైనది అదియే. మన వీధికి పొరుగు రాష్ట్రమునుండి వచ్చి దుప్పట్లమ్ము వానిని మాటతీరు వేరని అదలించుట, అంగడి అద్దెకీయకుండుట కాయకమునకు అపచారము. తొలి అరువు, ఒక హామీ సంతకము, ఒక మంచిమాట, ఇవియు దాసోహమే. మారయ్య మోపు దించుటకు చేయి సాచిన పుణ్యము మనకు నేడును లభ్యమే.