ఇచ్ఛాపురంలోని మేనల్లుడికి



నీకు షుగర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పి ఏడ్చింది. ఇరవై ఆరేళ్లకే. రిపోర్టు ఎవరికీ చూపించొద్దన్నావట, సంబంధాలు చూస్తున్న సమయమని. నాకు జబ్బు కన్నా ఆ దాపరికమే ఎక్కువ దిగులుగా ఉంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు నీ మెడ వెనక నల్లటి చారలు చూశాను. మురికనుకుని అమ్మ నిమ్మచెక్కతో రుద్దమంటోంది. ఎంత రుద్దినా అది పోదురా. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా కండరాలూ కాలేయమూ దానికి లొంగనప్పుడు శరీరం ఇంకా ఇంకా తయారుచేస్తుంది. అది ఎక్కువైతే మెడ మీది చర్మం అలా మందమై నల్లబడుతుంది. కాలేజీనాటి ప్యాంటు సైజే ఇప్పటికీ సరిపోతోందంటావు. బొడ్డు కిందికి దించి వేసుకుంటే ఎందుకు సరిపోదు? ఊపిరి వదిలి, పక్కటెముకల చివరకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో, పొట్ట చుట్టూ టేపు పెట్టి చూడు. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 హద్దు. అది దాటి, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్, బీపీ, పరగడుపు షుగర్ - ఈ నాలుగింటిలో రెండు గతి తప్పితే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. నీకు షుగర్ ఉండనే ఉంది. ఇంకొక్కటి చాలు.

చూపులకు సన్నగా ఉన్నానని ధైర్యపడకు. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండు డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2.

కిడ్నీ జబ్బంటే ఏమిటో ఉద్దానంలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, ఎటు వెళ్లినా ఆ కథలే. ఆ జబ్బుకి అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. చాలామందికి షుగర్ లేకుండానే వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చారు. మంచిదే. తాగే నీళ్ల వల్లే ఈ జబ్బు వస్తోందేమోనన్న మనవాళ్ల భయం న్యాయమైనదే. కానీ షుగర్, బీపీ కిడ్నీని తినేస్తాయన్నది తేలిన సంగతి. అమెరికాలో పదిహేడేళ్లలోపే టైప్ 2 వచ్చిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. పదిహేనేళ్లు గడిచేసరికి సగానికి పైగా మందిలో కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. కారణం తెలియని ముప్పు ఉన్న నేల మీద, తెలిసిన ముప్పుని నువ్వు వదిలేయకూడదు.

అందుకే క్రియాటినిన్ ఒక్కటే కాదు, మూత్రంలో అల్బుమిన్ కూడా ఏటా చూపించుకో. కిడ్నీ దెబ్బ సాధారణంగా ముందు అక్కడే బయటపడుతుంది. కళ్లూ చూపించుకో. బండి మీద తిరిగి నడుం పట్టేసిందని మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని మింగకు, కిడ్నీ జబ్బున్న మన ప్రాంతానికి ఆ అలవాటు చాలా చేటు. చోడి (రాగి) అంబలే తాగుతున్నాను కదా అని లెక్క లేకుండా తాగకు, అదీ పిండిపదార్థమే. రాత్రి పదకొండుకి బిర్యానీ, కూల్‌డ్రింకు మానెయ్. డాక్టరు మాత్ర రాస్తే వేసుకో, పసరు మందులకి పోకు. బరువు తగ్గించడం కష్టమే, కానీ ఫలితం ఉంటుంది. బ్రిటన్‌లో షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని పెద్దవాళ్లకు తిండి తగ్గించి బరువు దించితే, ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. 2017లో వచ్చిన ఫలితమిది. నీది ఇప్పుడే మొదలైంది.

ఇక పెళ్లి మాట. దాచి కట్టిన తాళి ఆ పిల్లకి అన్యాయం. రేపు మాత్రలు ఎక్కడ దాస్తావు? నీకు ఏ తిండి వండాలో ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది? కాదనేవాళ్లు కాదంటారు, అననీ. మంచి సంబంధం చెడుతుందని అమ్మ బెంగపడితే నేను సర్దిచెబుతాను. టెక్కలి సంబంధం వాళ్లు నిన్ను చూడటానికి వచ్చేనాటికి రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుంచు. వాళ్ల ముందు మాట నువ్వే ఎత్తు. నేను పక్కనే కూర్చుంటాను.

మీ మావయ్య