దాచినది ఏది, తిరిగి వచ్చేది ఏది?

గేమ్ ఇంజిన్‌లో ఆట నడుస్తున్నంతసేపూ పాత్ర ఉన్న చోటు, బలం, సంపాదన ర్యామ్‌లో ఉంటాయి. ఆట మూస్తే అవి పోతాయి. అందుకే స్క్రిప్టు కావలసిన విలువలను ఎంచి, జేసన్ వంటి రూపంలోకి మార్చి ఫైలులో రాస్తుంది. గోడో ఇంజిన్‌లో ఈ పనికి ఫైల్‌యాక్సెస్, యూనిటీలో జేసన్‌యుటిలిటీ వంటివి ఉన్నాయి. ఆట మళ్ళీ తెరిస్తే పాత్రకు రూపమిచ్చిన పాత వస్తువు (ఆబ్జెక్ట్) లేచి రాదు. కొత్త వస్తువు పుట్టి పాత విలువలను అందుకుంటుంది. మరి అది ఆ పాత్రేనా?

భారతీయ దర్శనాలలో ఇది పాత ప్రశ్నే. అనుభవం ఆత్మలో సంస్కారాన్ని, అంటే ఒక ముద్రను, మిగులుస్తుందనీ, దాని నుంచే స్మృతి పుడుతుందనీ న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులు చెప్పారు. నిన్న చూసినవాడే నేడు గుర్తుపడుతున్నాడు కనుక ఆత్మ స్థిరమన్నారు. బౌద్ధులు స్థిరమైన ఆత్మను ఒప్పుకోలేదు. క్షణం నుంచి క్షణం పుట్టే సంతానమే, అంటే ఎడతెగని వరుసే, చాలన్నారు. సేవ్ ఫైలు ఈ రెండో వాదానికి దగ్గర. వస్తువు మారినా కార్యకారణాల వరుస తెగదు.

కవిత్వంలోనూ ఇలాంటి వరుస కనిపిస్తుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా కదిరి ప్రాంతంలోని కటారుపల్లిలో కవి వేమన సమాధి ఉంది. ఆయన పద్యాలు జనం నోట, తాటాకు ప్రతులలో నిలిచాయి. ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ ప్రతులు సేకరించి 1829లో అచ్చువేయించాడు. ప్రతులలో పాఠభేదాలున్నా వేమన పలుకు నేటికీ తెలుగువారి నోట ఉంది.

ఫైలు పాత్రను దాచదు, దాన్ని మళ్ళీ కట్టడానికి చాలినంత వివరాన్ని దాస్తుంది. రాయనిది పోతుంది. కనుక ఏది నిలవాలో ఎంచడం రాసేవాడి ధర్మం.