పరీక్షా భయము – కాయక దృష్టి



మార్చి మాసము సమీపించినంతనే మన యిండ్లలో ఒక విధమైన నిశ్శబ్దము ప్రవేశించును. టెలివిజన్ మూగవోవును. చుట్టములు రాకపోకలు తగ్గింతురు. తల్లి వంటయింట గిన్నె చప్పుడు కాకుండ దించును. పదవ తరగతి చదువు బిడ్డ పుస్తకము ముందు కూర్చుండును. ఇల్లంతయు వాని చుట్టును ఊపిరి బిగబట్టి యుండును. ఏండ్ల తరబడి తెలుగు పండితుడనై పనిచేయుచున్న నేను ఈ నిశ్శబ్దమును ఇతరుల యిండ్లను చూచితిని, నా యింటను చూచితిని. దీనిని ఏకాగ్రత యని మనము భ్రమింతుము. ఇది భయము.

ఈ భయము త్రోసివేయదగినంత చిన్నది కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాతి దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులను మనము పోగొట్టుకొంటిమి. పిదప తప్పినవారి పత్రములను మరల పరిశీలింపగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరని తేలెను. కాగితముపై నున్న అంకెలో పొరపాటుండవచ్చును, దానిని మరునెలలో దిద్దవచ్చును. ఆ అంకెయే తన విలువ యని నమ్మిన బిడ్డకు ఆ సంగతి ముందుగా చెప్పినవారు లేకపోయిరి.

నా తప్పు నొకదానిని మీ ముందు ఒప్పుకొనవలసి యున్నది. నా కుమారుడు పదవ తరగతి చదువు సంవత్సరమున ప్రతి పరీక్ష దినమున ఉదయము వాంతి చేసికొనెడివాడు. నేను అజీర్తి యనుకొని వాము నీరు త్రాగించితిని. అంతటితో ఆగక, “పంతులుగారి కొడుకువు, నలుగురిలో నా తల వంచకు” అని హెచ్చరించితిని. ఒకనాటి రాత్రి నా భార్య మెల్లగా, “వాడు లెక్కలకు భయపడటం లేదండీ, మీకు భయపడుతున్నాడు” అనెను. బడిలో వందలమంది పిల్లలకు ధైర్యము చెప్పిన నాకు ఆ మాట తెలియుటకు అంతకాలము పట్టెను.

బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున కల్యాణమందు బోధించిన కాయక తత్త్వమును మనము సభలలో తరచుగా కొనియాడుదుము. దానిని పిల్లల చదువునకు అన్వయించుట మాత్రము మరచితిమి. ఆయ్దక్కి మారయ్య కథ మీకు తెలిసినదే. బసవన్న గారి యింటి ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరుట ఆయన కాయకము. ఒకనాడు అవసరమునకు మించి ఏరి తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ యధికమును చూచి, ఇది మనకు తగదు, తెచ్చిన చోటనే విడిచి రమ్మని పంపెను. మరియొకప్పుడు శరణుల గోష్ఠిలో మునిగి మారయ్య పనినే మరచెను. అప్పుడును లక్కమ్మయే కాయకము నిలిచిపోయినదని హెచ్చరించెను.

ఈ రెండు హెచ్చరికలును విద్యార్థికి చెందినవే. డిసెంబరులో చదువవలసిన పాఠములను మార్చిలో ఒక్క రాత్రి తలకెత్తుకొనజూచుట ఆ అధికమైన బియ్యము వంటిది. వండుకొని తినుటకు కాక మోయుటకే సరిపోవును. పుస్తకము విప్పక ప్రార్థనతో గడుపుట రెండవ తప్పు. మార్కులు వచ్చినచో ఇన్ని కొబ్బరికాయలు కొట్టెదనని మ్రొక్కుకొను పెద్దలు కొందరు కలరు. వారు నొచ్చుకొన్నను సరే, దానిని నేను భక్తి యనలేను, బేరము అనెదను. శరణుడు చేయదగిన పని చేయును, ఫలమును ప్రసాదముగా గ్రహించును. ఆనాటి పాఠము ఆనాడు చదువుట బిడ్డ చేతిలోని పని. పత్రము దిద్దువాని కలము బిడ్డ చేతిలో లేదు. లేనిదానిని గూర్చి రాత్రులు మేలుకొనుట కాయకము కాదు.

ఇక చదువు రీతిని గూర్చి. మా చిన్ననాట “పాఠము అప్పగించుట” యని ఒకటి యుండెడిది. పుస్తకము మూసి గురువు ఎదుట నిలిచి చెప్పవలెను. తడబడిన చోట దెబ్బ పడెడిది. దెబ్బను నేను సమర్థింపను గాని, అప్పగింత గొప్పది. 2006లో రోడిగర్, కార్పికె అను ఇద్దరు అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు ఇదే విషయమును పరీక్షించి చూచిరి. కొందరు విద్యార్థులు ఒక పాఠమును మరల మరల చదివిరి. మరికొందరు చదివిన పిదప పుస్తకము లేకుండ జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసిరి. ఐదు నిమిషములకు అడిగినపుడు మరల చదివినవారే మెరుగు. వారము తరువాత అడిగినపుడు వ్రాసి చూచుకొన్నవారు ముందుండిరి. వింత యేమనగా, తమకు బాగుగా గుర్తుండునని ఎక్కువ నమ్మినవారు మరల చదివినవారే! మన పిల్లలు గైడు పుస్తకమును పదిమార్లు చదివి “అంతా వచ్చు” అనుకొని, పరీక్షలో కలము పట్టగానే కలవరపడుటకు కారణము ఇందు కొంత కలదు. కావున ఒక పాఠము ముగియగానే పుస్తకము మూసి తెల్లకాగితముపై వ్రాయుడు. రెండు దినములకు ఒకమారు, వారమునకు ఒకమారు అట్లే చేయుడు. ఇంటిలో తాతయో అమ్మమ్మయో యున్నచో వారికి అప్పగింపుడు. వారికి భౌతికశాస్త్రము తెలియనవసరము లేదు. మీరు ఆగిన చోటు వారికి తెలియును.

పరీక్ష గదిలో చేయదగినది మరియొకటి. ఆంధ్రప్రదేశ్ పదవ తరగతి పరీక్షలలో ప్రశ్నపత్రము చదువుకొనుటకు ప్రత్యేకముగా 15 నిమిషములు ఇచ్చుచున్నారు. పర్యవేక్షకుడనై నిలిచి చూచినపుడు, చాలమంది ఆ సమయమును దిక్కులు చూచుచు గడుపుట గమనించితిని. పత్రము మొదటినుండి చివరివరకు చదివి, బాగుగా తెలిసిన ప్రశ్నలను మనసున గుర్తించుకొనవలెను. వానితోనే మొదలిడవలెను. మొదటి పుట సాఫీగా నడచినచో చేతి వణకు తగ్గును. నూరు మార్కులకు మూడు గంటలు, అనగా 180 నిమిషములు. చివర సరిచూచుకొనుటకు పది నిమిషములు తీసివేసినచో ఎనిమిది మార్కుల ప్రశ్నకు సుమారు 14 నిమిషములు దక్కును. దానిపై 25 నిమిషములు గడపినవాడు ఒక నాలుగు మార్కుల ప్రశ్నను, ఒక రెండు మార్కుల ప్రశ్నను వ్రాయకయే ఇచ్చివేసినవాడగును. తెలివైన పిల్లలే ఈ తప్పు చేయుదురు. తెలిసిన ప్రశ్న కనిపింపగానే తమ పాండిత్యమంతయు కుమ్మరింతురు.

అన్నియు తెలిసియు ఒక్కొక్కప్పుడు మనస్సు శూన్యమగును. గుండె వేగముగా కొట్టుకొనును, అరచేతులు చెమర్చును. ఆపద యెదుట శరీరము సిద్ధపడు తీరు అది. బుద్ధి పోయినదని కాదు. అప్పుడు కలము క్రింద నుంచుడు. ప్రతిదినము ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచుకొని దృష్టి నిలుపు బిడ్డలకు నేను చెప్పునది యేమనగా, ఆ అరచేతిని ఒకమారు విప్పి చూచుకొనుడు. నెమ్మదిగా ఊపిరి పీల్చి, పీల్చినదానికంటె దీర్ఘముగా విడువుడు. ఆరేడు మార్లు చేసినచో గుండె వేగము తగ్గును. అటుపై ఆ ప్రశ్నను విడిచి వేరొకదానికి పొండు. మరచినది తరచుగా తానే వచ్చును. చికాగో విశ్వవిద్యాలయమువారు 2011లో ప్రకటించిన ఒక పరిశోధనలో, పరీక్షకు ముందు పది నిమిషములు తమ భయములను కాగితముపై వ్రాసికొన్న ఆందోళనపరులైన విద్యార్థులకు మార్కులు మెరుగుపడెను. వ్రాయుటకు సిగ్గైనచో తల్లితో చెప్పుకొనవచ్చును.

ముందురాత్రి నిద్ర మానవద్దు. పరీక్ష ముగిసిన పిదప ద్వారము కడ గుమిగూడి జవాబులు పోల్చుకొనవద్దు. జరిగినది మారదు, మరునాటి పరీక్ష మాత్రము చెడును.

తల్లిదండ్రులకు ఒక్క మాట. తప్పినను అదే వేసవిలో సప్లిమెంటరీ పరీక్ష కలదని ఫలితములకు ముందే బిడ్డకు చెప్పుడు, తరువాత కాదు. బిడ్డ తిండి మాని, నిద్ర మాని, బ్రతుకు వలదను మాటలు పలికినచో దానిని బెదిరింపు అనుకొనవద్దు. ఒంటరిగా విడువవద్దు, ప్రక్కన కూర్చుండి వినుడు. వైద్యుని కడకు గొనిపొండు. 14416 అను టెలీ మానస్ సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడుదురు. ఇందు పరువు పోవునదేదియు లేదు.

నా భార్య ఆ మాట చెప్పిన మరునాడు నా కుమారునకు లెక్కల పరీక్ష. వానితో బస్సు వరకు నడచితిని, ఏమియు అడుగలేదు. మధ్యాహ్నము వాడు ఇల్లు చేరగానే “ఎన్ని వ్రాసితివి?” అను ప్రశ్న నాలుక చివరకు వచ్చెను. దానిని మ్రింగి, “ఆకలిగా ఉందా?” అంటిని. వాడు నన్నొకమారు వింతగా చూచి, కాళ్లు కడుగుకొని వచ్చి, రెండుమార్లు అన్నము పెట్టించుకొని తినెను.