శునక స్వీకారము – గృహస్థుని సంకల్పము

2025వ సంవత్సరము ఆగస్టు 17వ తేది ఆదివారమున, పంజాగుట్టకు చేరువలో బంజారాహిల్స్ యందలి జలగం వెంగళరావు పార్కులో, హైదరాబాదు నగరపాలక సంస్థవారు ఒక మేళా ఏర్పాటు చేసిరి. వీధులలో పుట్టిన దేశవాళీ కుక్కపిల్లలకు టీకాలు వేయించి, పెంచుకొనగోరు వారికి వెల లేకుండ ఇచ్చు మేళా అది. లోకము దీనిని ‘దత్తత’ అని పిలుచుచున్నది.

మన ధర్మశాస్త్రమున దత్తత తేలిక మాట కాదు. నందపండితుడు దత్తకమీమాంస యని దీనికొక గ్రంథమునే రచించెను. ఇచ్చుటకు ఎవరికి అధికారము, పుచ్చుకొనుటకు ఎవరికి అర్హత అను విచారమంతయు పుచ్చుకొనుటకు ముందే జరుగవలయును. పుచ్చుకొన్న పిమ్మట విచారమునకు తావు లేదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము కూడ సక్రమముగా జరిగిన దత్తతను రద్దుచేసికొనరాదనియే చెప్పుచున్నది. ఆ నియమములు మనుష్య సంతానమునకే గాని శునకములకు కావని నేనెరుగుదును. అయినను ఇంత బరువైన మాటను తెచ్చి కుక్కపిల్ల మెడలో కట్టిన పిమ్మట, మాటను ఉంచుకొని బరువును వదలివేయుట న్యాయమా యని ప్రశ్న.

శునకప్రస్తావన రాగానే ఎల్లరును మహాప్రస్థానమును తలచుకొందురు. తలచుకొనుట మంచిదే, కాని ఆ ఘట్టమును నిదానించి చూడవలయును. ధర్మరాజు కుక్కను వెదకికొనుటకు పోలేదు. హస్తినాపురము వీడిననాడు అదియే వెంట నడచినది. ద్రౌపదియు తమ్ములును ఒక్కరొక్కరుగా పడిపోయిరి. అది మాత్రము పడిపోలేదు. కుక్కలు గలవారికి స్వర్గమున చోటు లేదు, దానిని విడిచి రథమెక్కుమని ఇంద్రుడనగా, నమ్మి వెంటవచ్చిన దానిని విడుచుట మహాపాతకములతో సమానమని ధర్మజుడు బదులు చెప్పెను. అచట విధింపబడినది అత్యాగము, సంపాదనము కాదు. ఇల్లు ఇరుకై, దినమంతయు తలుపు తాళము వేసికొని పోవువాడు, వీథిలో కుక్కపిల్లను చూచి ఇంటికి తేకుండుట పాపము కాదు. తెచ్చి, ఆరు నెలలు ముద్దాడి, అది పెరిగి సోఫా కొరికినదని మరియొక పేటలో వదలివచ్చుట పాపము. మొదటివానికి ఆ ప్రాణితో బంధము లేదు. రెండవవాడు బంధమును తానే కల్పించి, తానే తెంపినాడు.

ఇక్కడ వైష్ణవులకు సహజముగా తోచు శంక ఒకటి కలదు. శ్రీమద్భాగవత పంచమస్కంధమున భరతుని కథ చదువుకొన్న వారికి, ప్రాణిని చేరదీయుటయే ప్రమాదమని అనిపించును. రాజ్యమును కుమారులకు అప్పగించి, గండకీ తీరమున పులహాశ్రమములో తపస్సు చేసికొనుచున్న మహానుభావుడు ఆయన. నీరు త్రాగవచ్చిన నిండుచూలాలైన లేడి సింహగర్జనకు బెదరి ఏరు దూకెను, గర్భము జారి పిల్ల ప్రవాహమున పడెను, తల్లి మరణించెను. భరతుడా పిల్లను తెచ్చి పెంచెను. క్రమముగా యమనియమములు, పూజ ఒకటొకటిగా జారిపోయినవి. అంత్యకాలమున దానినే తలచి, మరుజన్మమున లేడి యయ్యెను.

ఈ కథను చెప్పి, “చూచితివా, కుక్కను పెంచిన కుక్కయై పుట్టెదవు” అని పిల్లలను బెదరించు పెద్దలున్నారు. ఇది కథకు అన్యాయము. శరణు చొచ్చినదానిని ఉపేక్షించుట దోషమని భరతుడు ఎరుగునని భాగవతమే చెప్పుచున్నది. నీటిలో కొట్టుకొనిపోవు పిల్లను చూచుచు జపము సాగించి యుండినచో ఆయన ముక్తుడయ్యెడివాడని వ్యాసుడు చెప్పలేదు. దోషము తరువాతి దశలో ప్రవేశించినది. అది కనబడనప్పుడు పడిన ఆరాటము, కొలువు మాని దాని వెంట తిరుగుట, ఇది నాకు దక్కిన బొమ్మ అను భావము, ఇవి బంధకములైనవి. ఇంకొక భేదము కూడ కలదు. భరతుడు సర్వమును విడిచి వచ్చిన వానప్రస్థుడు. గృహస్థుడు అట్లు కాదు. భూతయజ్ఞమని పేరుపెట్టి నిత్యము ప్రాణులకు అన్నము పెట్టుమని శాస్త్రము విధించినది గృహస్థునికే. వైశ్వదేవానంతరము శునకాదులకు బలి ఉంచుట మా పాఠశాలనాటి గురువులు మానిన దినమును నేను చూడలేదు. (భరతుడు లేడిగా పుట్టిన చోటు కాలంజరము. ఉత్తరరామాయణమున రాముని కొలువులో న్యాయమడిగిన కుక్క, తనను కొట్టిన బ్రాహ్మణునికి ఏ మఠాధిపత్యమును శిక్షగా ఇప్పించెనో, అదియు కాలంజరముననే. ఆ సర్గలు ప్రక్షిప్తములని పలువురి అభిప్రాయము; కాని న్యాయసభ తలుపు కుక్కకు కూడ తెరచియుండెనని చెప్పిన కవి ఎవరైనను నమస్కరింపదగినవాడే.)

మన సంప్రదాయములో దీనికి సూటిగా తగులు వృత్తాంతమొకటి తిరుక్కణ్ణమంగై ఆండాన్ అను మహనీయునిది. ఆయన నాథమునుల శిష్యుడు. ఒకడు వేరొకని కుక్కను కొట్టగా, ఆ కుక్కను పెంచినవాడు ఆగ్రహించి, పోరాడి, ప్రాణములకు తెగించుట ఆండాన్ కంటబడెను. ఒక క్షుద్రజంతువును ‘ఇది నాది’ అని అభిమానించినందులకే మానవుడింత చేయగా, నన్ను తనవానిగా గల సర్వేశ్వరుడు నన్ను రక్షింపకుండునా యని ఆయన సర్వభారమును విడిచి, తిరుక్కణ్ణమంగైలో భక్తవత్సలుని సన్నిధిని శరణు జొచ్చెను. ఆ పోరాటము మంచిదా చెడ్డదా అని పెద్దలు చర్చింపలేదు. వారు గ్రహించినది స్వస్వామి సంబంధము. స్వామి యనగా అనుభవించువాడు మాత్రమే కాడు. తన సొత్తును కాపాడవలసిన భారము గలవాడు. కుక్కను తెచ్చుకొన్న గృహస్థుడు ఆ దినము నుండి ఒక జీవమునకు స్వామి యగుచున్నాడు. తాను ప్రతిదినము భగవంతుని వద్ద యాచించు రక్షణమునే ఆ జీవము మాటలు లేక తన వద్ద యాచించుచుండును.

ఆశ్చర్యమేమన, మన సర్వోన్నత న్యాయస్థానమును ఈ విషయమున ఇట్టి నిర్ణయమునకే వచ్చినది. ఢిల్లీ వీధికుక్కల వ్యాజ్యములో 2025 ఆగస్టు 22వ తేదిన ఇచ్చిన ఉత్తర్వులో, జంతుప్రేమికులు కుక్కలను దత్తత తీసికొనవచ్చుననియు, తీసికొన్నవి మరల వీధికి రాకుండ చూచు బాధ్యత వారిదేననియు చెప్పినది.

అటులని కుక్క పక్షమున మాటలాడువారు శిశువుల మాట మరువరాదు. 2023 ఫిబ్రవరిలో ఈ నగరముననే, అంబర్‌పేటలో, నాలుగేండ్ల పసివాడు వీధికుక్కల గుంపు పాలై మరణించినాడు. ఆ తల్లిదండ్రుల ఎదుట నిలిచి భూతదయను గూర్చి ఉపన్యసించు ధైర్యము నాకు లేదు. సందు మొగలో ఇంత అన్నము పారవేసి పోవుట పుణ్యమని తలచువారు, ఆ అన్నము చుట్టు చేరు గుంపుకు తాము జవాబుదారులమా కామా యని ఆలోచింపవలెను. గుంపునుండి ఒక్కదానిని లోపలికి తెచ్చి, టీకాలు వేయించి, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించి, పట్టీ కట్టి నడిపించువాడు కుక్కకును, వీథిలోని పసివానికిని ఏకకాలమున ఉపకారము చేయుచున్నాడు.

వ్రతమునకు సంకల్పమున్నట్లే దీనికిని సంకల్పముండవలెను. దేశకాలములు చెప్పి మొదలుపెట్టు మన అలవాటు ఇచట ఎంతయు ఉపయోగపడును. కాలమనగా పది మొదలు పదునైదు సంవత్సరములు. నేడు మూడవ తరగతి చదువు మనుమడు ముచ్చటపడి తెచ్చిన కుక్కపిల్ల, వాడు కళాశాలకు పోయిన పిమ్మటను ఇంటనే యుండును. దేశమనగా మన అమీర్‌పేట ఇల్లు. ఒకప్పటి పెరళ్ళును ప్రహరీగోడలును పోయి అపార్ట్‌మెంట్లు లేచినవి. కుక్క ఉదయ సాయంకాలములు రెండు పూటల బయట నడవవలెను. మెట్రో స్టేషను క్రింద, మైత్రీవనము దారిలో, ఆ జనసమ్మర్దమున దానిని నడిపించువారెవరో పేరు పెట్టి ముందే నిర్ణయించుకొనవలెను. “అందరమును చూచుకొందుము” అను ఇంట ఎవ్వరును చూడరు; చివరకు ఆ భారము ఇల్లాలి మీద పడును. కావున ఇల్లాలి అనుమతి లేని దత్తత చెల్లదని నా మతము. పై చట్టము కూడ భార్య సమ్మతిని అడుగుచునే యున్నది.

ఆచారము మాట దాటవేయరాదు. అర్చామూర్తియు సాలగ్రామమును గల ఇంట కుక్క యేమిటని అడుగువారిని పరిహసించుట తగదు. శునకస్పర్శకు స్నానము చెప్పిన శాస్త్రము కలదు. దానిని లేదనుట అసత్యము. కాని శౌచవిధి మన నడవడిని దిద్దుటకే గాని ప్రాణిని హింసించుటకు కాదు. పూజగదికిని వంటింటికిని గడప దాటనీయకుండ మొదటి దినము నుండి అలవాటు చేసిన, కుక్క మనుష్యులకంటె నియమముగా ఆ గడపను పాటించును. స్నానము చేసి మడి కట్టుకొన్నవాడు తాకకుండ ఆరాధన ముగించుకొనును. అంతమాత్రమునకు గూడ ఒప్పని ఇల్లు కుక్కను తేకుండుటయే మేలు. తెచ్చి మెట్లక్రింద గొలుసుతో జీవితమంతయు కట్టివేయుట శౌచమును కాదు, దయయును కాదు.

ఆహారము మన ఇండ్లలో పెద్ద చిక్కు. కుక్క పిల్లివలె కేవల మాంసాశి కాదు, ధాన్యమును జీర్ణించుకొనగలదు. శాకాహారముతో పెంచవచ్చును గాని, పెరుగన్నము మాత్రమే పెట్టి చాలుననుకొనుట పొరపాటు. మాంసకృత్తులు మొదలగునవి చాలినంత లభించునట్లు పశువైద్యుని అడిగి ఏర్పాటు చేసికొనవలెను. ఏకాదశినాడు మన ఉపవాసమును దానికి విధింపరాదు. ముఖ్యముగా భక్తులు తెలిసికొనవలసినదొకటి కలదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండములకు విషము. ప్రసాదమని ప్రేమతో లడ్డూ తునకయో, చక్రపొంగలి ముద్దయో పెట్టుట దానికి ప్రాణాపాయము కావచ్చును. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్టు కూడ హానికరములే. మొదటి రెండింటి భయము మన ఇండ్లలో తక్కువ.

పిల్లను కనీసము ఎనిమిది వారములు తల్లివద్ద నుండనిచ్చి తేవలెను. మూడు నెలల ప్రాయమున రేబిస్ టీకా, తరువాత వైద్యుడు చెప్పినట్లు ఏటేట. రేబిస్ లక్షణములు బయటపడిన పిమ్మట మరణము దాదాపు తప్పదు. కరచిన వెంటనే గాయమును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి ఆసుపత్రికి పోవలెనని ఇంటిలో ప్రతివారికిని తెలిసియుండవలెను. దీపావళినాడు బాణసంచా చప్పుడుకు అది మంచము క్రింద వణకును. ఆ రాత్రి ఎవరో ఒకరు ఇంటనుండవలెను.

ఇక యాత్రలు. ఈ పత్రిక చదువువారు ఏటికి రెండు మూడు మారులు తిరుమలకో శ్రీరంగమునకో పోవువారే. ఆ దినములలో దానికి అన్నము పెట్టువారెవరు? చైతన్య చరితామృతమున శివానందసేనుని వృత్తాంతము కలదు. ఆయన వంగదేశపు భక్తులను పూరీకి నడిపించుకొని పోవుచుండగా ఒక కుక్క వెంటబడెను. పడవవాడు దానిని ఎక్కించుకొననన్నచో, శివానందుడు గవ్వలు పది పణములు అదనముగా ఇచ్చి దాటించెను. ఒకనాడాయన లేనప్పుడు సేవకుడు దానికి అన్నము పెట్టుట మరచెను. రాత్రి వచ్చి సంగతి తెలిసికొని, వెదకుటకు పదిమందిని పంపి, అది దొరకకపోగా తాను ఆ రాత్రి ఉపవసించెను. పూరీ చేరి చూడగా ఆ కుక్క మహాప్రభువు ముందర కూర్చుండి, ఆయన విసరు కొబ్బరిముక్కలు తినుచు కృష్ణనామము పలుకుచుండెనట. శివానందుడు దానికి సాగిలి మ్రొక్కెను. పడవ కూలి మొదలు రాత్రి భోజనము దాక లెక్క చూచుకొన్న యాత్రికుడాయన.

అమీర్‌పేట హాస్టళ్ళలో కోర్సులు నేర్చుకొనుచు ఆరు నెలలకొక గది మారు యువకులకు నేను చెప్పునది, ఇప్పుడు వద్దనియే. వారి మనస్సు మంచిది. వారి చిరునామా నిలకడ లేనిది. అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థలకు తోడ్పడుట వారికి తగిన సేవ.

పిల్లలు విదేశములలోనుండగా ఇరువురే మిగిలిన వృద్ధదంపతుల ప్రశ్న కఠినమైనది. మాకును తోడు కావలెను, కాని మా తరువాత దాని గతి యేమి యని వారడుగుదురు. నా వయస్సును అరువది దాటినది. ఈ లెక్క నేనును వేసికొన్నదే. అట్టివారు కుక్కపిల్లను కాక ఆరేడేండ్ల వయస్సు గల కుక్కను తెచ్చుకొనుట యుక్తము. చిన్నవానిని ఎవరైనను తీసికొందురు, ముదిసినదానిని అడుగువారుండరు. దాని శేషాయుర్దాయమునకును తమ శక్తికిని పొత్తు కుదురును. అప్పుడైనను, తమకేదైన జరిగినచో దానిని తీసికొనిపోవు మేనల్లునితోనో పొరుగువానితోనో ముందే మాటలాడి, ఆ మాటను కాగితముపై వ్రాసి, టీకాల పుస్తకములో పెట్టి ఉంచవలెను.